ఆక్రమిత జట్‌గాన్ చాయ్ సెట్టు

"ఇయ్యాల్టి నుంచి జనగామల నేరం చేసేటోడు నా పర్మిషన్ తీసుకోని చెయ్యాలె. ఎందుకంటె సమ్మెల ఉన్నది నా ఆఫీసు. నా బుర్ర కాదు!"

ఈ చారిత్రక ప్రకటన చేసినప్పుడు రమాకాంత్ మా మెట్ల మీద నిలబడి ఉన్నాడు. కళ్లకు నల్లద్దాలు, చేతిలో భూతద్దం. నల్లద్దాలు పెట్టుకుని భూతద్దంలోంచి చూస్తే ఏమీ కనబడదు కదా అన్నాను.

"కనబడేదాన్ని అందరు చూస్తరు హరీ. కనబడనిదాన్ని చూసేటోడే డిటెక్టివ్" అన్నాడు. ఆ మాటంటూ కనబడని మెట్టు మీద కాలేసి కిందికి వచ్చాడు.

అవి ప్రత్యేక తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మె రోజులు. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులు లేవు. బొగ్గు గనులు కూడా ఆగిపోయినందుకు కరెంటు కూడా లేదు. నేను సర్కారు బడిలో తెలుగు చెప్పే హరిలాల్‌ని. మాది కొత్తగూడ దిక్కు తండా. జనగామలో వెంకట్రాజం సేటు ఇంటి మీది గదిలో అద్దెకుంటాను. రమాకాంత్ ఒక సర్కారు ఆఫీసులో గుమస్తా. మా స్నేహానికి పునాది ఏమిటని ఎవరైనా అడిగితే, నాకు మోటరు సైకిల్ ఉంది, ఆయనకు లేదు.

సమ్మెలో జనమంతా రోడ్డు మీద వంటలు వండారు, బతుకమ్మలాడారు, కబడ్డీ ఆడారు. రమాకాంత్ మాత్రం ఇన్నాళ్లూ ఫైళ్ల కింద నలిగిపోయిన అపరాధ పరిశోధకుణ్ని దులిపి బయటికి తీశాడు. మొదటి కేసు పక్కింటివాళ్ల మేక మాయం కావడం. మూడు గల్లీలు గాలించి, ఇద్దరు అమాయకుల వేలిముద్రలు తీసుకుని, చివరికి మేకను పట్టుకున్నాడు. అది రమాకాంత్ వాళ్ల పెరట్లోనే ఉంది. వాళ్లమ్మే కట్టేసి గడ్డి వేస్తోంది. రెండో కేసు పోయిన చెప్పులది. ఆ చెప్పులు తన కాళ్లకే ఉన్నాయని ఆయన సాయంత్రానికి కనిపెట్టాడు.

మూడోది చాయ్ సెట్టు కేసు. ఇందులో మాత్రం నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే నడిమధ్య సమ్మక్క ఇరుక్కుంది.

సమ్మక్క వెంకట్రాజం సేటు ఇంట్లో పనిచేస్తుంది. సేటు బిడ్డ అక్షర పుట్టకముందు నుంచీ చేస్తోంది. ఇప్పుడు అక్షర హైదరాబాదులో పెద్ద చదువు చదువుతోంది. నేను అద్దెకు దిగిన రోజు నా గదిలో పొయ్యి లేదని చూసి, అడగకుండానే రెండు జొన్నరొట్టెలు తెచ్చి పెట్టిన మనిషి. మా గల్లీలో బతుకమ్మ పాట ఎత్తుకునేది ఆమే. సేటు భార్య సుమిత్రమ్మకు చప్పట్లు తప్ప పాట రాదు. ఆమె ఎప్పుడూ సమ్మక్క పక్కనే తిరుగుతుంది, సమ్మక్క పెదాలు చూసి తన పెదాలు ఆడిస్తుంది.

ఇక చాయ్ సెట్టు. సుమిత్రమ్మ తల్లి చిన్నప్పుడు ఆడుకునేందుకు వాళ్ల నాయిన బొంబాయిలో కొన్నాడట. పిడికిలంత కెటిల్, బొటనవేలంత కప్పులు, వాటికి రూపాయి బిళ్లకంటే కాస్త పెద్ద సాసర్లు. తెల్ల పింగాణీ మీద నీలం పూలు, అంచుకు బంగారు గీత. అద్దాల అల్మారీలో దేవుడి పటాల కింది అరలో ఉంటుంది. వచ్చినవాళ్లందరికీ సుమిత్రమ్మ దాన్ని చూపించి "అస్సల్ జపాన్" అంటుంది.

ఆ ఏడు బతుకమ్మకు సేటు చెల్లెలు అరుంధతమ్మ మానుకోట నుంచి వచ్చింది. వచ్చిన రెండో రోజే కప్పును బోర్లించి అడుగున చదివి పకపకా నవ్వింది.

"వదినె, గిది జపాన్ కాదు. గిండ్ల జపాన్ అనే లేదు! ఏదో జట్‌గాన్ అని రాసున్నది. చార్మినార్ కాడ బండి మీద కొన్న డూప్లికేట్ మాల్!"

సుమిత్రమ్మకు ఇంగ్లీషు రాదు. కానీ అక్షర చిన్నప్పుడు ప్రతి కప్పునూ బోర్లించి "జపాన్" అని చదివిన సంగతి ఆమెకు బాగా గుర్తుంది. అప్పుడు జపాన్ ఉండి ఇప్పుడు లేదంటే ఒక్కటే అర్థం. అసలు సెట్టు ఎవరో తీసి, నకిలీది పెట్టారు. ఆ అల్మారీ తెరిచేది ఇద్దరే. ఒకరు సుమిత్రమ్మ, ఇంకొకరు పండుగ పండుగకూ వాటిని తీసి కడిగే సమ్మక్క.

నేను కిందికి దిగేసరికి వాకిట్లో సమ్మక్క చీర కుచ్చిళ్లు దులుపుకుంటోంది.

"నేను తీసిన్నంటవా అమ్మా?" అనడిగింది.

"నేననలె. గని, నువ్వు గాక ఎవరు ముట్టుకుంటరు సమ్మక్కా?" అంది సుమిత్రమ్మ.

"అనకుంట అన్నవ్. మంచిది. నా మీద మాట వడ్డ ఇంట్ల నేను కాలు వెట్ట."

గేటు దగ్గర నన్ను చూసి ఆగింది. "సారూ, నువ్వు సదువుకున్నోనివి. ఎవరు తీసిండ్రో తేల్చు. పని కోసం కాదు, పని ఎక్కడన్న దొరుకుతది. మాట కోసం" అని వెళ్లిపోయింది.

అదే సమయానికి నా వెనక నల్లద్దాలు మెరిశాయి.

"హరీ," అన్నాడు రమాకాంత్, "కప్పిపెట్టిన నిజం ఎప్పుడు గూడ కప్పు కిందనే ఉంటది."

* * *

పరిశోధన అల్మారీ ఉన్న నడిమి అర్రలో మొదలైంది. వెంకట్రాజం సేటు గిన్నెల దుకాణం మూసేసి వచ్చి కూర్చున్నాడు. సమ్మె కాబట్టి ఎట్లాగూ మూసే ఉంది. సేటు తల్లి రామలచ్చమ్మ అవ్వ మూలన మంచం మీద కాళ్లు చాపుకుని చూస్తోంది. ఆమెకు ఎనభై ఏళ్లు. మొన్ననే కంటి ఆపరేషన్ అయ్యాక చూపు సూదిమొనలా తేలింది.

"పాత పింగాణీ వయసు కనుక్కోవాలంటె నాలుగు పద్ధతులున్నయి" అన్నాడు రమాకాంత్. "మొదటిది చప్పుడు. మంచి పింగాణీ గంట లెక్క మోగుతది."

స్పూను తీసుకుని కప్పులన్నిటినీ వరసగా కొట్టాడు. టింగ్, టింగ్, టింగ్. నిజంగానే గుళ్లో చిన్న గంటలా మోగాయి. వెంటనే గల్లీలో పిల్లలంతా "కుల్ఫీ వచ్చింది! కుల్ఫీ!" అని అరుస్తూ గేటు మీద పడ్డారు. వాళ్లను పంపించేసరికి మధ్యాహ్నమైంది.

"రెండోది వెలుగు. బల్బు ముంగట పట్టుకుంటె అవుతలి వేలు నీడ కనబడాలె."

"కరెంటు లేదు" అన్నాడు సేటు.

"సేటు కాక, ఉద్యమం ముంగట నా పరిశోధన చిన్నది. రెండో పద్ధతి రద్దు. మూడోది గరుకు. కింద పూత పూయని అంచు పన్ను మీద గీకి చూడాలె."

గీకాడు. అంచుకేమీ కాలేదు. పన్ను కొసే చిన్న ముక్క ఊడింది. దాన్ని కాగితంలో చుట్టి "సాక్ష్యం" అని రాసి జేబులో పెట్టుకున్నాడు.

"నాలుగోది ముద్ర. హరీ, చదువు."

నేను కెటిల్ బోర్లించాను. చీమతల అక్షరాలు. భూతద్దం పెట్టి చదివాను. "మేడ్ ఇన్ ఆక్యుపైడ్... జే, టీ, జీ, ఏ, ఎన్."

"ఆక్యుపైడ్ అంటె ఏంది?" అంది సుమిత్రమ్మ.

"నాకెరుకే" అన్నాడు సేటు ఉత్సాహంగా. "తిరుపతి పోయినప్పుడు ఏసీ డబ్బల పాయఖానా తలుపు మీద రాసుండె. లోపట మనిషున్నడని."

అందరం కెటిల్ వైపు చూశాం. సుమిత్రమ్మ దాన్ని కాస్త దూరం జరిపింది.

"ఆక్యుపైడ్ అంటే ఆక్రమించుకున్నది అని" అన్నాను. "ఆక్రమిత జట్‌గాన్‌లో తయారైంది అని అర్థం."

రమాకాంత్ నల్లద్దాలు తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు. ఆయనకు ఒళ్లు గగుర్పొడిచినప్పుడల్లా అట్లా చేస్తాడు.

"జట్‌గాన్... జటగాం... జనగాం! హరీ, నా రక్తం గడ్డకడుతున్నది! ఇది జనగామకు పాత స్పెల్లింగు! మేడ్ ఇన్ ఆక్రమిత జనగామ! ఈ ఊళ్లె ఒకప్పుడు రహస్య పింగాణీ ఫ్యాక్టరీ ఉండె! ఊళ్లెకు మిలిటరీ ఎప్పుడు వచ్చింది? నలభై ఎనిమిదిల, పోలీసు యాక్షన్ల! అంటె ఈ సెట్టు నలభై ఎనిమిదిల ఈ గడ్డ మీద తయారైంది! కాక, గిది ఆటబొమ్మ కాదు. దస్తావేజు! ఢిల్లీకి పంపాలె!"

"మరి నా జపాన్ సెట్టు ఏమైంది?" అంది సుమిత్రమ్మ ఏడుపు గొంతుతో.

"దాన్ని ఎత్తుకపోయినోళ్లు గిది పెట్టి పోయిండ్రు. అంతర్జాతీయ ముఠా చిన్నమ్మా. మామూలు దొంగ ఆటబొమ్మ కోసం చరిత్రను వదిలిపెట్టి పోడు."

ఎంత ఆలోచించినా ఆ వాక్యం నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

* * *

మర్నాడు రమాకాంత్ ఆ ఇల్లంతా జల్లెడ పట్టి రెండు భయంకరమైన ఆధారాలతో నా గదిలోకి దూకాడు. ఒకటి స్నానాల గదిలోని సబ్బు కాగితం. రెండోది వంటింట్లోని అప్పడాల ప్యాకెట్టు.

"చూడు. సబ్బు మీద ఎస్, ఓ, టీ, జీ. సోట్‌గ్! అప్పడాల మీద పీ, టీ, జీ, ఏ, డీ. పట్‌గాడ్! ఎక్కడన్న విన్నవా ఈ మాటలు?"

వినలేదన్నాను. అక్షరాలు నిజంగానే అట్లా ఉన్నాయి. కంపెనీవాళ్ల పేర్లేమో అనుకున్నాను. ఆ రోజుల్లో ఊళ్లో ఉన్న ప్రతి బండి నంబరు మీదా, ప్రతి బోర్డు మీదా అక్షరాలు మారిపోయి ఉన్నాయి. నా బండి మీద కూడా మార్చారు, నేనే కూల్‌డ్రింకు ఇప్పించాను. రోజూ కళ్లెదుట ఉన్నది కనబడదంటారే, ఆ మాటను మేమిద్దరం డిగ్రీలు పెట్టుకుని మరీ రుజువు చేశాం.

"సంకేత భాష" అన్నాడు రమాకాంత్. "పట్‌గాడ్ అంటె పట్‌గఢ్. జఫర్‌గఢ్ పక్కపొంటి ఏదో రహస్య కోట ఉండాలె. బండి తియ్యి."

జఫర్‌గఢ్ పోయాం. పొలం గట్ల మీద ఎదురైన ప్రతి రైతునూ "పట్‌గఢ్‌కు తొవ్వ ఎటు?" అని అడిగాడు. ఒకాయన "పట్వారీ ఇల్లు కావచ్చు" అని చూపించాడు. అక్కడ కుక్క మమ్మల్ని ఊరవతల దాకా సాగనంపింది.

"కోట కాపలా గట్టిగనే ఉన్నది" అన్నాడు రమాకాంత్ రొప్పుతూ. "గిటు కాదు. మూలానికి పోవాలె. పింగాణీ కాల్చాలంటె నిప్పు కావాలె. నిప్పుకు బొగ్గు. బొగ్గుకు?"

"భూపాలపల్లి అనకు."

"భూపాలపల్లి!"

"నలభై ఎనిమిదిల భూపాలపల్లిల గని ఎక్కడిది రమాకాంత్? మా బావ కండ్ల ముంగట తవ్విండ్రు."

"గదే రహస్యం" అన్నాడు.

సమ్మక్క మాట గుర్తొచ్చి పోయాను. అంతకుమించి నాకు వేరే దారి లేదు. వెతకకుండా కూర్చుంటే ఆమె దొంగగానే మిగిలిపోతుంది. ఈ పిచ్చి వెతుకులాటలో ఎక్కడైనా ఏదైనా తగులుతుందేమోనని ఆశ.

భూపాలపల్లిలో గని గేటు ముందు రోడ్డుకడ్డంగా పొయ్యిలు పెట్టి కార్మికులు వంటావార్పు చేస్తున్నారు. గని నుంచి బొగ్గు పెల్ల బయటికి పోనియ్యమని శపథం పట్టి ఉన్నారు. దొంగచాటుగా ఎవరైనా లారీ కదిలిస్తారేమోనని కర్రలు పట్టుకుని కాపలా కాస్తున్నారు. నేను బండి స్టాండు వేసేలోపే రమాకాంత్ వాళ్ల మధ్యకు నడిచి, నల్లద్దాలు సర్దుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"ఈడికెళ్లి జనగామకు దొంగతనంగ బొగ్గు పంపేటోళ్లు ఎవలు? నాతోని చెప్పుండ్రి. మూడో కంటికి తెల్వది."

పొయ్యి మీద పప్పు కలుపుతున్న గరిటె ఆగింది. తర్వాత అందరూ ఒకేసారి లేచారు.

"బొగ్గు ఏజెంటు! పట్టుండ్రి!"

"నేను డిటెక్టివ్‌ను!"

"సీఐడీ అంట! గట్టిగ పట్టుండ్రి!"

మా బావ బాల్‌సింగ్ అక్కడ ఉండబట్టి బతికాం. నన్ను చూసి పరుగెత్తుకొచ్చి వాళ్లకు నచ్చజెప్పాడు. "మా బామ్మర్ది దోస్తు. జర తిక్క. మనిషి మంచోడే" అన్నాడు. విచారణ జరిపి శిక్ష వేశారు. రమాకాంత్ బస్తాడు ఉల్లిగడ్డలు కోయాలి. నేను బెయిలు కింద ఎల్లిగడ్డ ఒలవాలి.

"ఎంతటి ఘోర హత్యను చూసినా చెమర్చని కళ్లివి హరీ" అన్నాడు రమాకాంత్ ఉల్లిగడ్డ మీద ధారగా కన్నీరు కారుస్తూ. ఆయన ఒక్క హత్యనూ చూడలేదు కాబట్టి ఆ మాట నిజమే.

తిరిగి వచ్చేటప్పుడు పరకాల దాటేదాకా రమాకాంత్ వెనక సీట్లో ఉల్లి కన్నీళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు. తర్వాత ఒక్కసారిగా నా వీపు మీద చరిచాడు. బండి కాస్తలో గుంటలో పడేది.

"దొరికిండు! నేరస్థుడు ఇంట్లనే ఉన్నడు!"

"ఎట్ల తెలిసింది?"

"బయట ఎక్కడ దొరకలేదు గదా!"

* * *

మరునాడు సద్దుల బతుకమ్మ, పండుగ ఆఖరి రోజు. సుమిత్రమ్మ తాంబాళం నిండా పూలు పోసుకుని కూర్చుంది కానీ పేర్చడం లేదు. పెద్ద బతుకమ్మకు మొదటి వరస తంగేడు పేర్చేది ఎప్పుడూ సమ్మక్క. అరుంధతమ్మ "ఆమె లేకుంటె పండుగ ఆగుతదా వదినె" అంటే, సుమిత్రమ్మ "ఆగింది గదా, చూస్తలేవా" అని విసుక్కుంది. ఆమెకు సెట్టు పోయిన బాధకంటే ఆ అన్న మాట బాధ ఎక్కువైందని నాకు అర్థమైంది. కానీ మాట వెనక్కి తీసుకోవాలంటే ఇంకో దొంగ కావాలి.

"తిన్నంక అందరు పండుకోండ్రి" అని ఆజ్ఞాపించాడు రమాకాంత్. "దొంగ మళ్ల వస్తడు. నేను మాటు వేస్త."

సేటు దుకాణంలోంచి ఒక పెద్ద అట్టపెట్టె తెప్పించాడు. దుకాణానికి మిక్సీలు, గ్రైండర్లు వచ్చిన పెట్టె. మీద లావుపాటి ఇంగ్లీషు అక్షరాలు, "హోమ్ అప్లయన్సెస్" అని. చూడటానికి కత్తితో రెండు రంధ్రాలు చేసుకుని, అవ్వ పెరట్లోకి పోయిన సమయం చూసి, అల్మారీ పక్కన అందులో దూరి కూర్చున్నాడు. మూత నేనే మూశాను. పైకి వచ్చి మెట్ల మలుపులో కూర్చున్నాక తెలిసింది, పెట్టెను తిప్పి పెట్టామని. రంధ్రాలు రెండూ గోడ వైపు ఉన్నాయి. చెబుదామనుకున్నాను. కనబడనిదాన్ని చూసే మనిషి కదా అని ఊరుకున్నాను.

ఇల్లంతా సద్దుమణిగింది. సేటు గురక మొదలైంది. కాసేపటికి పెట్టెలోంచి కూడా గురక మొదలైంది. నాకూ కళ్లు మూతలు పడుతున్నాయి.

అప్పుడు చప్పుడైంది. నేల మీద కర్ర టకటక, తర్వాత గీరినట్టు ఒక చిన్న శబ్దం. చిర్... చిర్... రంగు వాసన గుప్పుమంది. పెట్టెలో గురక ఆగింది. ఒక క్షణం గాలి పీల్చిన చప్పుడు, ఆ తర్వాత గోడలు అదిరే తుమ్ము.

"ఓ యమ్మో! పెట్టె తుమ్మింది!"

అది రామలచ్చమ్మ అవ్వ గొంతు. ఆ వెంటనే చేతికర్రతో పెట్టె మీద దెబ్బలు. పెట్టె లేచి నిలబడింది. దానికి రెండు కాళ్లొచ్చాయి. గోడను గుద్దుకుంది, మంచాన్ని గుద్దుకుంది. "దొంగ! దొరికిండు! నేరస్థుణ్ని పట్టుకున్న!" అని లోపల్నుంచి అరుస్తూ గడప తట్టుకుని వాకిట్లో పడింది. అవ్వ వెంటపడి కొడుతూనే ఉంది. "పెట్టెకు దయ్యం వట్టింది రా రాజం!" అని కొడుకును పిలుస్తోంది.

నేను దిగి వచ్చి, పెట్టెలోంచి రమాకాంత్‌ను లాగి పక్కన పెట్టాను. అప్పుడు పెట్టె వైపు చూశాను. "అప్లయన్సెస్" అన్న మాటలో మొదటి రెండు అక్షరాలు, ఏ, పీ, తెల్లరంగు కింద మునిగిపోయాయి. వాటి మీద ఇంకా ఆరని నల్లరంగుతో చక్కగా, ముత్యాల్లా, టీ, జీ అని ఉన్నాయి.

అవ్వ చేతిలో చీపురు పుల్ల ఉంది. పుల్ల కొసన నల్లరంగు. వేళ్లకు తెల్లరంగు.

సోట్‌గ్. పట్‌గాడ్. నా బుర్రలో దీపం వెలిగింది. సోప్. పాపడ్. జపాన్.

"అవ్వా," అన్నాను, "నువ్వు ఏం చేస్తున్నవ్?"

"ఏంది, ఏం చేస్తున్న? ఉద్దెమం కమిటీ పోరగాండ్లు మన అరుగు మీద కూసోని బండ్ల నంబర్లు రాయలేదా? రంగు డబ్బలు ఈన్నే ఇడిసిపోయిండ్రు. ఏ పీ ఎక్కడ కనవడ్డా కొట్టేసి టీ జీ రాయాలె అన్నరు. నేను ఊకె కూసోని తింటున్న. ముసల్దాన్ని, రోడ్డు మీదికి రాలేను. ఇంట్ల ఉన్నయన్న కొట్టొద్దా?"

"నీకు ఇంగ్లీషు ఎట్లొచ్చిందే అమ్మా?" అన్నాడు సేటు నోరు తెరిచి.

"సదువు ఏడున్నది బిడ్డా. ఈ ఉద్దెమంల నాలుగు అచ్చరాలు నేర్సుకున్న. రెండు కొట్టేయనీకి, రెండు రాయనీకి."

నేను లోపలికి పోయి కెటిల్ తెచ్చాను. వేలికి గుడ్డ చుట్టి గ్యాసునూనెలో ముంచి అడుగున మెల్లగా తుడిచాను. టీ, జీ ముందు చెరిగాయి. తర్వాత తెల్లరంగు పోయింది. దాని కింద అరవై ఏళ్ల నాటి నల్ల ముద్ర, చెక్కు చెదరకుండా ఏ, పీ.

"జపాన్" అని చదివాను. "మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్."

"జపాన్ల గూడ ఏపీ ఉన్నదా!" అంది అవ్వ బుగ్గన చెయ్యి పెట్టుకుని. "ఎంత దూరం పోయిండ్రే వీళ్లు!"

సుమిత్రమ్మ అక్షరకు ఫోను చేసింది. అక్షర ఇంటర్నెట్‌లో చూసి చెప్పింది, నేను అందరికీ వినిపించాను. పెద్ద యుద్ధంలో జపాన్ ఓడిపోయాక అమెరికా మిలిటరీ వచ్చి ఏడేళ్లు ఆక్రమించుకుని కూర్చుందట. అప్పుడు బయటి దేశాలకు పంపే సామాన్ల మీద అట్లా ముద్ర వేసేవాళ్లట. ముద్రలో ఆ మాట ఉందంటే, సెట్టు సుమారు నలభై ఏడు, యాభై రెండు మధ్యలోది.

"నలభై ఎనిమిది అన్ననా, అనలేదా!" అని ఎగిరాడు రమాకాంత్. నుదుటి మీద బుడిపె కూడా ఆయనతో పాటు ఎగిరింది. "వయసు కనుక్కున్న, ఊరు కనుక్కున్న, నేరస్థుణ్ని గూడ పట్టుకున్న. జనగామకు జపాన్‌కు తేడా రెండు అచ్చరాలే గదా. కేసు క్లోజ్!"

అవ్వ మాత్రం ఇంకా ఆ ఆక్రమణ దగ్గరే ఉంది. "ఏడేండ్లకు పోయిండ్రా బిడ్డా, ఆ అమెరికోళ్లు? ఏడేండ్లకే?" అని రెండుసార్లు అడిగింది.

* * *

సుమిత్రమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరింది. అరుంధతమ్మ "మనిషిని పంపు వదినె, వస్తది" అంది. "మాట అన్నది నేను. మనిషెందుకు" అని గేటు దాటింది. నేను వెనకే పోయాను.

సమ్మక్క తన ఇంటి ముందు చిన్న బతుకమ్మ పేరుస్తోంది. సంగతంతా విన్నది. నవ్వలేదు. అవ్వ పెట్టె మీద రాసిన కథకు కూడా నవ్వలేదు.

"తప్పైంది సమ్మక్కా" అంది సుమిత్రమ్మ.

"సరే అమ్మా. నడువు" అని లేచింది సమ్మక్క. అంత సులువుగా ఐపోయిందని సుమిత్రమ్మ కళ్లు తుడుచుకుంది. నాకు మాత్రం నమ్మకం కలగలేదు.

ఇంటికి వచ్చాక సమ్మక్క పూల దగ్గరికి పోలేదు. నడిమి అర్రలోకి వచ్చి అల్మారీ ముందు చాప మీద కూర్చుంది. ఆమె ఆ అర్రలో కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు. ఊడ్చేటప్పుడు వంగి ఉండటం చూశాను.

"చాయ్ తాగుత అమ్మా" అంది.

సుమిత్రమ్మ సంతోషంగా వంటింట్లోకి పోయి, చాయ్ పెట్టి, అలవాటు కొద్దీ పెరటి వైపు నడిచింది. అక్కడ నీళ్ల తొట్టి గోడ మీద సమ్మక్క స్టీలు గిలాస బోర్లించి ఉంటుంది. ఇంట్లో గిన్నెలతో కలవదు. సమ్మక్క తాగి, తనే కడిగి, తనే మళ్లీ అక్కడ బోర్లిస్తుంది. ఆ గిలాస సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అట్లాంటిది ఏ ఊళ్లో చూసినా గుర్తుపడతాను.

"గండ్ల కాదు" అంది సమ్మక్క. సుమిత్రమ్మ ఆగింది. "ఇగో, గిండ్ల పొయ్యి." వేలితో అల్మారీ చూపించింది. "ఇన్నేండ్లు కడిగిన. అండ్ల చాయ్ ఎట్లుంటదో ఎరుక లేదు. దొంగతనం ఎట్లాగు నా మీదికి వచ్చె, రుచి అన్న చూడకపోతె ఎట్ల?"

అరుంధతమ్మ ఏదో అనబోయింది. సేటు కూడా కదిలాడు. మంచం మీంచి అవ్వ "పొయ్యవే, చూస్తవేంది!" అని కోడలిని గదిమింది.

సుమిత్రమ్మ కెటిల్ తీసింది. కప్పు తీసింది, సాసర్ తీసింది. చాప మీద సమ్మక్క ఎదురుగా కూర్చుని పోసింది. బొటనవేలంత కప్పు. సమ్మక్క రెండు వేళ్లతో పట్టుకుని ఒక్క గుక్కలో తాగింది. కప్పు ముందుకు చాపింది.

"నోట్లెకు పోయింది గని గొంతులకు దిగలే. పొయ్యి."

మళ్లీ పోసింది. మళ్లీ తాగింది. నాలుగు కప్పులకే కెటిల్ ఖాళీ. సుమిత్రమ్మ వంటింట్లోకి పోయి నింపుకొచ్చింది. అది అయిపోయింది. మళ్లీ పోయింది. మళ్లీ వచ్చింది. చెమటలు పట్టాయి, పట్టుచీర కొంగు నడుముకు చుట్టింది. మొదట ఆమె మొహం సిగ్గుతో ఎర్రబడి ఉంది. ఏ కప్పు దగ్గరో తెలియదు కానీ ఆమెకు నవ్వు వచ్చింది, నవ్వు వెంట ఏడుపు వచ్చింది. రెండూ ఆపుకోకుండానే పోస్తూ ఉంది. సమ్మక్క మాత్రం సేటులు తాగినట్టు తీరిగ్గా, సాసర్ ఎడమచేతిలో పెట్టుకుని తాగుతూ ఉంది.

"గీ కేసును నేను ఎట్ల ఛేదించిన్నంటె..." అని రమాకాంత్ మొదలుపెట్టాడు. నేను ఆయన నోట్లో ఒక సత్తుపిండి ముద్ద పెట్టాను.

బయట చీకటి పడుతోంది. గల్లీ ఆడవాళ్లంతా బతుకమ్మలు దించి, గుండ్రంగా నిలబడి ఎదురుచూస్తున్నారు. ఎవరో గేటు దగ్గరికి వచ్చి కేకేశారు.

"సమ్మక్కా! అందరు వచ్చిండ్రు. పాట ఎత్తుకోవాలె. ఇంక ఎంతసేపు?"

"చాయ్ తాగుతున్న. ఆగుమను" అంది సమ్మక్క, కప్పు ముందుకు చాపుతూ.